ఆగి ఆగి తిరిగే చిన్న డీసీ మోటారు: లోపాన్ని పట్టుకునే పద్ధతి

బల్ల మీద పెట్టి సరఫరా ఇవ్వగానే ఏ లోపమూ లేనట్టు తిరిగి, సొంతదారు ఇంటికి తీసుకువెళ్లి బిగించుకున్న పది నిమిషాలకు మళ్లీ మొరాయించే మోటారు బాగుచేసేవాడి పరువు తీస్తుంది. "మీ దగ్గర తిరిగింది మాస్టారూ, మా ఇంటికి వెళ్లాక తిరగడం లేదు" అనే మాట, విశాఖపట్నంలో ఈ పని చేస్తున్న ఇన్నేళ్లలో, నేను వినని నెల లేదు. కాలిపోయిన మోటారులో లోపం ఎక్కడికీ పోదు. మీటరు పెడితే దొరుకుతుంది. ఆగి ఆగి తిరిగే మోటారులో మాత్రం లోపం కనిపించేది అది ఆగిన ఆ కొద్ది క్షణాల్లోనే. తిరుగుతున్నప్పుడు ఎంత కొలిచినా అది మంచి మోటారే. అందువల్ల ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా ఒక్క నియమం మీద నిలిచి ఉంది: మోటారును మన కళ్ల ముందు ఆగేలా చేసి, ఆగిన స్థితిలో దేనినీ కదిలించకుండా రెండు కొలతలు తీసుకోవాలి. స్క్రూడ్రైవరు పట్టుకోవడం ఆ తరువాతి సంగతి.

చాలామంది ఇందుకు విరుద్ధంగా చేస్తారు. మోటారు ఆగగానే దాని మీద ఒక దెబ్బ వేస్తారు, వైర్లను అటూ ఇటూ కదిపి చూస్తారు, కనెక్టరు ఊడదీసి మళ్లీ పెడతారు. మోటారు తిరిగేసరికి పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అక్కడ జరిగినదల్లా చిలుము పట్టిన పిన్ను కొద్దిగా రాసుకుని తాత్కాలికంగా కలవడమో, కమ్యుటేటరు (షాఫ్టుతో పాటు తిరుగుతూ లోపలి రాగి తీగ చుట్టలకు కరెంటు అందించే రాగి ముక్కల వలయం) మీద చెడు చోట నిలిచిన బ్రష్ (ఆ వలయానికి ఆనుకుని కరెంటు ఇచ్చే బొగ్గు ముక్క లేదా లోహపు రేకు) పక్కకు జరగడమో మాత్రమే. లోపం అలాగే ఉంది, దాని ఆనవాలు చెరిగిపోయింది. నేనూ మొదట్లో ఇలాగే చేసేవాడిని కనుక ఎవరినీ తప్పుపట్టడం లేదు.

ఈ వివరణ అంతా బ్రష్‌లు, శాశ్వత అయస్కాంతాలు ఉండే 3 నుంచి 12 వోల్టుల మోటార్లకు వర్తిస్తుంది. బొమ్మ కార్లలోనివి, ఇంజనీరింగ్ విద్యార్థులు రోబోలకు వాడే పసుపు రంగు బీఓ మోటార్లు, ఎన్20 గేరు మోటార్లు, కారు వైపర్లు, అద్దాల మోటార్లు, అద్దం మీద నీళ్లు చిమ్మే పంపులు ఈ కోవలోకి వస్తాయి. కంప్యూటరు ఫ్యాన్ వంటి బ్రష్ లేని మోటార్లకు కూడా రెండు తీగలే ఉండవచ్చు. కానీ వాటి లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది. రెండింటినీ వేరు చేయడానికి తేలిక మార్గం ఉంది. బ్రష్ మోటారుకు తీగలు తారుమారు చేస్తే అది ఎదురు దిశలో తిరుగుతుంది. బ్రష్ లేని ఫ్యాన్ అలా తిరగదు, పైగా తారుమారు చేస్తే పాడయ్యే ప్రమాదం ఉంది కనుక దానితో ఆ ప్రయోగం చేయకూడదు. షాఫ్టును వేళ్లతో తిప్పితే సన్నని గరగర తెలిసేది సాధారణంగా బ్రష్ మోటారు.

ముందు అడగవలసినవి

పరికరం తెచ్చిన మనిషిని కొన్ని ప్రశ్నలు అడిగితే సగం పని అక్కడే తీరుతుంది. మోటారు మొదలుపెట్టినప్పుడే తిరగడం లేదా, తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతోందా? ఆగినప్పుడు వేలితో కొద్దిగా తిప్పితే అందుకుంటోందా? కాసేపు చల్లారాక దానంతట అదే తిరుగుతోందా? నిలబెడితే తిరిగి, పడుకోబెడితే ఆగుతోందా? చీకటి పడ్డాక ఆడినప్పుడే ఆగే బొమ్మ కారు ఒకటి నా దగ్గరికి వచ్చింది. విచారిస్తే చీకట్లో పిల్లవాడు కారు దీపాలు కూడా వేస్తున్నాడని, బలహీనపడిన బ్యాటరీ రెండింటినీ మోయలేకపోతోందని తేలింది. మోటారును నేను ముట్టుకోనే లేదు.

వేలితో తిప్పితే అందుకునే మోటారులో కమ్యుటేటరులో గాని, చుట్టలో గాని ఒకచోట దెబ్బ ఉందని అనుమానించాలి. చల్లారాక తిరిగేదైతే వేడికి విడిపోయే అతుకు, బిగుసుకునే బుష్ (షాఫ్టు తిరిగే చిన్న లోహపు గొట్టం), లేదా లోపలే ఉండే రక్షణ భాగం కారణం కావచ్చు. భంగిమను బట్టి ఆగేదైతే షాఫ్టు ముందుకు వెనక్కు జరిగే ఖాళీ ఎక్కువై, కమ్యుటేటరు బ్రష్ కింద నుంచి తప్పుకుంటూ ఉండవచ్చు. తీగ వంగే చోట లోపల తెగినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఇవన్నీ అనుమానాలే. తీర్పు చెప్పేది మీటరు.

ఆగిన క్షణంలో రెండు కొలతలు

మోటారు కొనల వద్ద వోల్టేజీ ఎంత, మోటారు గుండా ప్రవహించే కరెంటు ఎంత అన్నవే ఆ రెండు కొలతలు. మోటారు తిరుగుతుండగానే, అంటే అది ఆగకముందే, మీటర్లను కట్టి ఉంచాలి. ఆగిన తరువాత మీటరు కలపబోతే ఆ కదలికకే మోటారు మళ్లీ అందుకోవచ్చు. వోల్టేజీ మీటరు తీగలను బ్యాటరీ దగ్గరో స్విచ్చి దగ్గరో కాకుండా, మోటారు వెనుక ఉన్న రెండు రేకులకే మొసలి క్లిప్పులతో పట్టించాలి. కరెంటు కొలిచే మీటరును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి వరుసలో కలపాలి. మిల్లీ ఆంపియర్ల రంధ్రంలో పెడితే మోటారు అందుకునే క్షణంలోనే మీటరులోని ఫ్యూజు పోతుంది.

రెండు మీటర్లు లేనివారు దిగులు పడనక్కరలేదు. 12 వోల్టుల మోటారుకైతే కారు పార్కింగ్ దీపానికి వాడే 5 వాట్ల బల్బును, తక్కువ వోల్టేజీ మోటారుకైతే తగిన టార్చి బల్బును మోటారు కొనలకు సమాంతరంగా కలిపి వదిలేసి మన పని మనం చూసుకోవచ్చు. మోటారు ఆగినప్పుడు బల్బు వెలుగుతూ ఉందా, ఆరిపోయిందా అన్నది గది అవతలి నుంచైనా కనిపిస్తుంది. ఎల్ఈడీ ఈ పనికి నమ్మదగినది కాదు. అది తాగే కరెంటు చాలా తక్కువ కనుక, మోటారును నడపలేని అధ్వాన్నపు కాంటాక్టు గుండా కూడా అది నిబ్బరంగా వెలిగి మనల్ని మోసం చేస్తుంది. బల్బు కొంత భారం వేస్తుంది, కాబట్టి నిజం చెబుతుంది.

ఇప్పుడు కొలతలను చదవడం ఎలాగో చూద్దాం. వోల్టేజీ, కరెంటు రెండూ పడిపోయి ఉంటే దోషం మోటారుది కాదు; దాని వరకు వచ్చే దారిలో ఎక్కడో తెగింది. వోల్టేజీ నిండుగా ఉండి కరెంటు సున్నాకు దగ్గరగా ఉంటే మోటారు లోపలే దారి తెగింది. బ్రష్, కమ్యుటేటరు, చుట్ట ఈ మూడింటిలో ఒకటి కారణం. వోల్టేజీ పడిపోయి కరెంటు బాగా పెరిగి ఉంటే షాఫ్టు బిగుసుకున్నదని గాని, లోపల షార్టు అయిందని గాని అర్థం. ఆ భారానికి సరఫరా కుంగుతోంది. వోల్టేజీ నిండుగా, కరెంటు మామూలుగా, మోటారు శబ్దం కూడా వినబడుతూ, చక్రం మాత్రం తిరగకపోతే గేరు జారుతోంది. షాఫ్టుకు తొడిగిన చిన్న ప్లాస్టిక్ పళ్ల చక్రం సన్నగా చీలితే, తేలిక భారానికి పట్టుకుని బరువు పడగానే జారిపోతుంది. ఈ చీలిక కంటికి కనబడనంత సన్నగా ఉంటుంది కాబట్టి గోటితో వెతకాలి.

బిగుసుకున్నప్పటి కరెంటును ముందే లెక్క వేసి పెట్టుకోవడం మేలు. తిరిగే మోటారు సరఫరాకు ఎదురుగా తానే కొంత వోల్టేజీ పుట్టిస్తుంది. అందుకే తక్కువ కరెంటు తీసుకుంటుంది. ఆగిన మోటారు అలా పుట్టించలేదు కనుక దాని కరెంటును అడ్డుకునేది చుట్టల నిరోధం ఒక్కటే. 3 ఓమ్‌ల మోటారుకు 6 వోల్టులు ఇచ్చి షాఫ్టు పట్టుకుంటే 2 ఆంపియర్లు లాగుతుంది. అదే మోటారు భారం లేకుండా తిరిగేటప్పుడు అందులో పదో వంతు కూడా తీసుకోకపోవచ్చు.

దారిలో తెగినప్పుడు

నా అనుభవంలో మోటారు చెడిందని వచ్చిన వాటిలో పెద్ద భాగం ఈ కోవకే చెందుతాయి. ఒక పాత టేప్‌రికార్డరుకు వరుసగా రెండు మోటార్లు మార్చాను. రెండూ వారం తిరగకుండానే ఆగాయి. చివరికి చూస్తే బ్యాటరీ పెట్టెలోని స్ప్రింగుకు, దాని వెనుక రేకుకు మధ్య ఉన్న రివెట్టు కింద పచ్చగా చిలుము పేరుకుని ఉంది. పైకి రివెట్టు మెరుస్తూనే ఉంది. ఆ రెండు మోటార్ల డబ్బు నేనే భరించాను, సొంతదారును అడగడానికి మొహం చెల్లలేదు.

సముద్రానికి ఆనుకుని ఉన్న ఊరిలో ఈ చిలుమును తేలికగా తీసుకోకూడదు. బీచ్ రోడ్డు, పెద వాల్తేరు, లాసన్స్ బే కాలనీ వైపు ఇళ్లలో కిటికీ ఊచలకు తుప్పు పట్టించే ఉప్పు గాలి, రాగి కొనలను, ఇత్తడి రేకులను, ఇనుప స్ప్రింగులను కూడా అదే విధంగా తింటుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక తెల్లవారుజామున తడిగా ఉండి వాహకంలా పనిచేసిన పొర, మధ్యాహ్నం ఎండి అడ్డుగోడ అవుతుంది. పొద్దున తిరిగి మధ్యాహ్నం ఆగే పరికరాల రహస్యం ఒక్కోసారి ఇంతే.

ఇక్కడ మీటరులోని బజరును నమ్మవద్దని గట్టిగా చెప్పాలి. కొనసాగింపు పరీక్షలో చాలా మీటర్లు 30 ఓమ్‌ల వరకు, కొన్ని 50 ఓమ్‌ల వరకు కూడా కూత పెడతాయి. చిలుము పట్టిన కాంటాక్టు 20 ఓమ్‌లు ఉన్నా బజరు ఉత్సాహంగా మోగుతుంది. అదే 20 ఓమ్‌లు వరుసలో ఉంటే 6 వోల్టుల మోటారు కదలను కూడా కదలదు. పైగా మీటరు పంపేది అతి స్వల్పమైన కరెంటు. ఒక్క పోగు మిగిలిన తీగ కూడా దానికి మంచి తీగలాగే కనిపిస్తుంది. కాబట్టి దారిని భారం మీదే పరీక్షించాలి. మోటారు తిరుగుతుండగా, లేదా షాఫ్టును చేత్తో కొద్దిగా ఆపి పట్టుకుని, వోల్ట్‌మీటరు ఒక తీగను బ్యాటరీ ధన కొనకు, రెండో తీగను మోటారు ధన కొనకు పెట్టండి. అక్కడ కనిపించేది దారిలో వృథా అవుతున్న వోల్టేజీ. అది దాదాపు సున్నా ఉండాలి. అర వోల్టు దాటితే రెండో తీగను మోటారు నుంచి బ్యాటరీ వైపు ఒక్కొక్క మజిలీ వెనక్కు జరుపుతూ రండి: కనెక్టరు, స్విచ్చి అవతల, స్విచ్చి ఇవతల, ఫ్యూజు. ఎక్కడ ఆ అంకె ఒక్కసారిగా పడిపోతుందో, అప్పుడే దాటివచ్చిన అతుకులో లోపం ఉంది. రుణ కొన వైపు కూడా ఇదే విధంగా చూడాలి. దాదాపు అందరూ మరచిపోయేది ఆ వైపే.

కారు వైపర్ల విషయంలో రుణ దారి అంటే బాడీయే. మా బావమరిది కారు ఆరుబయట, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట నిలుస్తుంది. వానలో వైపరు మధ్యలో ఆగడం, గుంతలో పడితే మళ్లీ అందుకోవడం దాని వరస. వైపరు వేసి, మోటారు పైడొక్కుకు (బయటి లోహపు తొడుగుకు), బ్యాటరీ రుణ కొనకు మధ్య కొలిస్తే వోల్టుకు పైగా కనిపించింది. అది 0.2 వోల్టు లోపు ఉండాలి. ఎర్త్ బోల్టు విప్పి, రేకును లోహం మెరిసే వరకు గీకి, బిగించి, మీద కొద్దిగా వాసెలిన్ పూశాము. గ్రీజు గాని వాసెలిన్ గాని బిగించిన తరువాత పై నుంచి పూయాలి, గాలి తగలకుండా అది కాపాడుతుంది.

తీగ లోపల తెగినదేమోనన్న అనుమానం ఉంటే, పై తొడుగును రెండు వేళ్ల మధ్య పట్టుకుని అంగుళం అంగుళం మెల్లగా లాగండి. రాగి పోగులు తెగిన చోట తొడుగు రబ్బరులా సాగుతుంది. ఇది సాధారణంగా తీగ వంగే చోట, లేదా టంకం వేసిన చోటికి కాస్త పైన జరుగుతుంది. టంకం తీగలోకి పాకి ఆ భాగాన్ని పుల్లలా గట్టిపరుస్తుంది కనుక దాని అంచున పోగులు విరుగుతాయి. బీఓ మోటార్ల వెనుక ఉండే రాగి రేకులు మరీ పలుచన, రెండుసార్లు వంచితే విరుగుతాయి. తీగ అతికిన వెంటనే దానిని మోటారు పక్కకు వంచి, వేడి జిగురుతో ఒక చుక్క వేసి పట్టించడం అన్నిటికంటే చౌకైన బీమా.

మోటారు లోపల తెగినప్పుడు

వోల్టేజీ నిండుగా ఉండి కరెంటు లేదని తేలిన తరువాత కూడా వెంటనే విప్పకండి. సరఫరా తీసివేసి, రెండు కొనల మధ్య నిరోధాన్ని షాఫ్టు ఒక్కొక్క భంగిమలో కొలవాలి. షాఫ్టును కొద్దిగా తిప్పి, ఆపి, అంకె నిలకడగా నిలిచాక చదవాలి. తిప్పుతూ చదివితే మోటారు జనరేటరులా వోల్టేజీ పుట్టించి మీటరును పిచ్చిపట్టిస్తుంది. ముందుగా మీటరు తీగలు రెండింటినీ తాకించి వాటి నిరోధాన్ని చూసుకుని అది తీసివేయాలి, మోటారు నిరోధమే రెండు మూడు ఓమ్‌లు ఉన్నప్పుడు తీగల అర ఓమ్ కూడా పెద్దదే.

చిన్న మోటార్లలో సాధారణంగా మూడు చుట్టలు, కమ్యుటేటరుకు మూడు రాగి ముక్కలు ఉంటాయి. చుట్టలు త్రికోణంగా కలిపి ఉన్నాయనుకుందాం, ఒక్కొక్క చుట్ట 9 ఓమ్‌లు అనుకుందాం. ఏ రెండు ముక్కల మధ్య చూసినా ఒకవైపు 9, మరోవైపు తక్కిన రెండూ కలిసిన 18 సమాంతరంగా ఉండి 6 ఓమ్‌లు చూపిస్తుంది. ఒక చుట్ట తెగితే రెండు భంగిమల్లో 9, మూడో భంగిమలో 18 చూపిస్తుంది. మోటారు సరిగ్గా ఆ మూడో భంగిమలో ఆగినప్పుడు మొదలయ్యే బలం చాలక నిలిచిపోతుంది, వేలితో తోస్తే బలమున్న భంగిమకు చేరి పరుగెత్తుతుంది. చుట్ట తెగకుండా, తీగ ఒక రాగి ముక్క కొక్కెం నుంచి మాత్రమే విడిపోతే, మూడు భంగిమల్లో రెండింట మీటరు అసలు ఏమీ చూపదు. కొక్కెం వద్ద విడిపోయిన తీగను సన్నని మొనగల సోల్డరింగ్ ఐరన్‌తో మళ్లీ అతకవచ్చు. చుట్ట లోపల తెగితే మోటారు మార్చడమే మంచిది. తిరిగి చుట్టడం నేర్చుకోవడానికి బాగుంటుంది గాని శ్రమకు తగిన ఫలం ఉండదు.

మీటరు భంగిమ భంగిమకూ వేరువేరుగా, పొంతన లేకుండా అంకెలు చూపిస్తే అది చుట్ట లోపం కాదు, మురికి. మీటరు స్వల్ప కరెంటు కమ్యుటేటరు మీది పొరను ఛేదించలేదు కనుక మంచి మోటారు కూడా కొంత ఎగుడుదిగుడుగా కనిపించవచ్చు. సందేహం ఉంటే ఒక బల్బును మోటారుతో వరుసలో కలిపి, షాఫ్టును వేళ్లతో పట్టి నిలిపి, అసలు కరెంటు పంపి, మోటారు కొనల మధ్య వోల్టేజీని భంగిమ వెంట భంగిమగా చూడండి. ఈ పరీక్షకు కొంచెం ఓపిక కావాలి; కానీ విప్పకుండానే మోటారు లోపలి స్థితిని ఇంత స్పష్టంగా చెప్పే మార్గం మరొకటి నాకు తెలియదు.

విప్పి శుభ్రం చేయడం

డొక్కు అంచున లోపలికి నొక్కిన రెండు రేకు చెవులను సన్నని స్క్రూడ్రైవరుతో నిఠారు చేస్తే ప్లాస్టిక్ మూత వస్తుంది. ఆ చెవులు రెండు మూడు సార్లకు మించి వంగవు, కాబట్టి విప్పేది ఒకేసారి కావాలి. మూత ఏ దిశలో ఉందో ముందే డొక్కు మీద గీత గీసుకోండి. తారుమారుగా పెడితే తిరిగే దిశ మారిపోతుంది. మూత వచ్చేటప్పుడు బ్రష్‌లు ముందుకు దూకుతాయి. పరిచిన తెల్లని బట్ట మీద విప్పితే ఎగిరిపడిన స్ప్రింగు దొరుకుతుంది.

కమ్యుటేటరు లేత చాక్లెట్ రంగులో నున్నగా ఉంటే అది ఆరోగ్యమే, దానిని మెరిపించాలని గీకవద్దు. నల్లగా కాలిన మచ్చలు, గాడి పడిన రాపిడి, ముక్కల మధ్య సందుల్లో బొగ్గు పొడి ఉంటే అవి దోషాలు. సందులను అగరుబత్తి పుల్లను చీల్చి చెక్కిన మొనతో శుభ్రం చేయాలి. సూది వాడితే రాగి అంచు లేచి రెండు ముక్కలు కలిసిపోవచ్చు. ఆ తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో తుడవాలి. మచ్చలు పోకపోతే 1000 నంబరు లేదా అంతకంటే నున్నని గరుకు కాగితాన్ని అంగుళంలో మూడో వంతు పట్టీగా కోసి, ఆర్మేచరును (షాఫ్టు, చుట్టలు కలిసిన తిరిగే భాగాన్ని) తిప్పుతూ తేలికగా రాపి, రాలిన పొడిని పూర్తిగా తుడవాలి. బ్రష్‌లు బొగ్గువి కాకుండా పలుచని లోహపు రేకులైతే కాగితం అసలు ముట్టనివ్వకండి. వాటి మీద ఉండే విలువైన లోహపు పూత ఒక్క గీతకే పోతుంది.

ఈ బ్రష్, కమ్యుటేటరు జత చిన్న బొమ్మలకే పరిమితమైనది కాదు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో సేవ ముగించి, ఇప్పుడు ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిచి ఉన్న ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి కూడా నీటి అడుగున బ్యాటరీలతో నడిచే డీసీ మోటార్ల బలంతోనే కదిలేది. అంత పెద్ద మోటారుకైనా, బొమ్మ కారు మోటారుకైనా బ్రష్ అరిగిన పొడి పోయే దారి ఉండాలన్నది ఒకటే సూత్రం.

బొగ్గు బ్రష్ గూటిలో సులువుగా జారాలి. జారకుండా అంటుకుంటే స్ప్రింగు దానిని ముందుకు నెట్టలేదు, మోటారు కుదుపుకు తిరిగి నిశ్చలంగా ఉన్నప్పుడు ఆగుతుంది. గూటిని ఆల్కహాల్‌తో తుడిచి, బ్రష్ పక్కలను ఒకటి రెండుసార్లు కాగితం మీద రాస్తే చాలు. అయస్కాంతాలకు అంటుకున్న ఇనుప పొడిని గుడ్డతో తుడిస్తే రాదు; అంటుకునే టేపును అద్ది అద్ది లాగాలి.

నూనె విషయంలో రెండు తప్పులు తరచుగా చూస్తాను. మొదటిది డబ్ల్యూడీ-40 వంటి స్ప్రే లోపలికి కొట్టడం. అది కంచు బుష్‌లో ఇమిడి ఉన్న నూనెను కరిగించి తీసుకుపోతుంది, బొగ్గు పొడిని బురద చేసి కమ్యుటేటరు సందుల్లో పరుస్తుంది. మోటారు రెండు రోజులు హుషారుగా తిరిగి అంతకుముందుకంటే అధ్వాన్నమవుతుంది. సిలికోన్ స్ప్రే మరీ చెడ్డది, దాని ఆవిరి కూడా బ్రష్ దగ్గరి నిప్పురవ్వల వేడికి గాజులాంటి పొరగా మారి కరెంటును అడ్డుతుంది. రెండోది కొబ్బరి నూనె. సుమారు 24 డిగ్రీల దగ్గర అది గడ్డకట్టడం మొదలుపెడుతుంది. జనవరి తెల్లవారుజామున మన ఊళ్లోనే సీసాలో గడ్డకట్టే నూనె బుష్‌లో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు; ఎండాకాలంలో జిగురై దుమ్మును పట్టుకుంటుంది. కుట్టు మిషన్ నూనెను సూది మొనతో ఒక్క చుక్క బుష్ దగ్గర పెట్టి, పొంగినది తుడిచివేయండి.

తిరిగి బిగించేటప్పుడు బ్రష్‌లు రెండింటినీ ఒక సన్నని తీగ ముక్కతో ఎడంగా పట్టి ఉంచి, కమ్యుటేటరు మధ్యలోకి దిగాక తీగను లాగేయాలి. బలవంతంగా తోస్తే బ్రష్ ఒరిగి విరుగుతుంది. పూర్తయ్యాక షాఫ్టును ముందుకు వెనక్కు జరిపి చూడండి. కొద్దిగా జరగడం సహజం. కమ్యుటేటరు అంచు దాటేంతగా జరిగితే షాఫ్టుకు సన్నని ఫైబరు వాషరు వేయాలి.

వేడెక్కాక ఆగేవి

కారు అద్దాలు, తలుపు తాళాల మోటార్లలో కొన్నిటికి లోపలే ఒక రక్షణ భాగం ఉంటుంది. వేడెక్కితే దాని నిరోధం పెరిగి, కరెంటును తగ్గించి మోటారును ఆపుతుంది. చల్లారితే మళ్లీ దారి ఇస్తుంది. అద్దం దారిలో దుమ్ము పేరుకుని భారం ఎక్కువైనప్పుడు అది తన పని తాను చేస్తుంటే, మనం మోటారు చెడిందనుకుంటాం. ముందు ఆ దారిని శుభ్రం చేసి చూడాలి. ఆ భాగాన్ని దాటవేసి తీగ కలపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, తరువాత కాలేది మోటారే.

ఇది లేని మోటారు కూడా వేడికి కొంత బలహీనపడుతుంది. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 16 శాతం. అంచు మీద పనిచేసే మోటారుకు అంత తేడా చాలు. వేడికి ఆగే లోపాన్ని బల్ల మీద రప్పించడానికి జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు చక్కని సాధనం. చేయి పెట్టగలిగినంత వేడికి మించనివ్వకుండా, మోటారుకు ఒకసారి, సర్క్యూటుకు ఒకసారి విడివిడిగా వేడి తగిలించి, ఏది వేడెక్కితే ఆగుతోందో చూడండి.

విద్యార్థుల రోబోలు

ఇంజనీరింగ్ విద్యార్థులు తెచ్చే రోబోల్లో మోటారు బాగానే ఉండి మిగిలినదంతా లోపంగా ఉండటం మామూలు. మొదటి నిందితుడు చదరపు 9 వోల్టుల బ్యాటరీ. అది పొగ హెచ్చరికలకు, మీటర్లకు తయారైనది. దాని లోపలి నిరోధం ఎక్కువ కాబట్టి రెండు బీఓ మోటార్లు ఒకేసారి మొదలయ్యే కరెంటును అది ఇవ్వలేదు. రెండోది మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవరు బోర్డు. ఒక ఆంపియరు దగ్గర అది సుమారు 2 వోల్టులు తానే మింగుతుంది. 6 వోల్టులు పెట్టి మోటారుకు 6 వోల్టులు అందుతున్నాయనుకుంటే పొరపాటు. మూడోది బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా తీగలు గుచ్చి సర్క్యూటు కట్టే పలక) రంధ్రాల్లో వదులుగా దిగిన తీగలు, వాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు: మోటారు కరెంటును బ్రెడ్‌బోర్డు గుండా పంపకండి.

నాలుగోది కొంత మాయ. బ్రష్‌ల నిప్పురవ్వల రొద సరఫరాలోకి పాకి, రోబోను నడిపే చిప్పు అయిన మైక్రోకంట్రోలరును రీసెట్ చేస్తుంది. ప్రోగ్రాము మొదటికి వెళ్తుంది, మోటారు ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. చూసేవారికి మోటారు తడబడుతున్నట్టు కనిపిస్తుంది. బోర్డు మీది దీపం అదే క్షణంలో మిణుకుమంటే అనుమానం ఇటే పెట్టుకోవాలి. 104 అని రాసి ఉండే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరును మోటారు రెండు కొనల మధ్య, మరో రెండింటిని ఒక్కొక్క కొన నుంచి మోటారు డొక్కుకు టంకం వేయాలి. డొక్కును ముందు గీకకపోతే టంకం నిలవదు. ఒంటరి ట్రాన్సిస్టరుతో నడిపే మోటారుకు ఎదురు డయోడు (కరెంటు ఆపినప్పుడు మోటారులో పుట్టే వోల్టేజీ పోటును మళ్లించేది) తప్పనిసరి. ఆన్ ఆఫ్ మాత్రమే అయితే 1ఎన్4007 చాలు, పీడబ్ల్యూఎంతో, అంటే కరెంటును అతి వేగంగా ఇస్తూ ఆపుతూ, వేగం మారుస్తుంటే 1ఎన్5819 వంటి షాట్కీ డయోడు మేలు.

అప్పగించే ముందు

బాగైన మోటారును బల్ల మీద పది నిమిషాలు తిప్పి ఇచ్చేస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది. అది మునుపు ఎంత సేపటికి ఆగేదో సొంతదారు చెప్పిన లెక్కకు కనీసం మూడు రెట్లు సేపు, అదే పరికరంలో, అదే భంగిమలో, అదే బ్యాటరీతో, అదే భారంతో నడపాలి. మధ్యలో ముప్పై నలభై సార్లు ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, ఎందుకంటే మూడు భంగిమల్లో ఒక్కదానిలోనే ఉన్న లోపం నాలుగైదు సార్లలో తప్పించుకోగలదు. సమాంతరంగా కలిపిన బల్బును ఆ పరీక్ష పూర్తయ్యే వరకు తీయకండి. శుభ్రం చేయడానికి ముందు, తరువాత కొలిచిన భారం లేని కరెంటును, మూడు భంగిమల నిరోధాలను ఒక చిన్న కాగితం మీద రాసి పరికరం మూత లోపల అంటించండి. ఆరు నెలల తరువాత అది మళ్లీ మీ బల్ల మీదకు వస్తే మొదట చూడవలసినది ఆ కాగితమే.